ఆంగ్ల శ్రవణమున ఉపాయవాదము: తెలుగు విద్యార్థి దృష్టితో ఒక విమర్శ

భాషాభ్యాసమునకు వినుట, పలుకుట, చదువుట, వ్రాయుట అను నాలుగు అంగములు కలవని విద్యాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ నాల్గింటిలో మొదటిదగు వినుట మన ఆంగ్లబోధనమున చిరకాలముగా కడపటిదై యున్నది. తెలుగు మాధ్యమమున చదివి విశ్వవిద్యాలయమునకు వచ్చు విద్యార్థి ఆంగ్లమును కంటితో నేర్చినవాడు. దానిని పాఠ్యపుస్తకమున చూచినాడు, నోటుపుస్తకమున వ్రాసినాడు, పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. ఇప్పుడు తొలిదినమునుండియే దానిని చెవితో గ్రహింపవలసి వచ్చును. గంటసేపు సాగు ఉపన్యాసమున పుట వెనుకకు త్రిప్పుటకు గాని, జారిపోయిన వాక్యమును మరల చూచుటకు గాని వీలుండదు. అర్థము కానప్పుడతడు మౌనము వహించును. ఆ మౌనమును పెక్కుమంది బుద్ధిమాంద్యముగా ఎంచుదురు. కొంతకాలమునకు అతడును తన్ను గూర్చి అట్లే ఎంచుకొనును. శ్రవణమును గూర్చిన చర్చకు ఇట్లు అనేక విద్యార్థుల విద్యాభాగ్యముతో సంబంధము కలదు.

ఇది ఆంగ్లశాఖవారి విషయము గదా, తెలుగు పరిశోధన పత్రికలో దీనికి తావేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. వినబడు భాష ఆంగ్లమే యైనను వినెడి చెవి తెలుగుది. ఆ చెవి ఎట్లు ఏర్పడినది, ధ్వనిప్రవాహమున దేనిని పట్టుకొనును, దేనిని జారవిడుచును అను ప్రశ్నలు తెలుగు ధ్వనిశాస్త్రమునకును ఛందస్సునకును చెందినవి. గత కొన్ని దశాబ్దములుగా ద్వితీయభాషా బోధనమున ప్రాబల్యము వహించిన శ్రవణోపాయ సిద్ధాంతమును ఈ దృష్టితో పరిశీలించుట మా ఉద్దేశము. ఈ సిద్ధాంతము ఉపయోగకరమైనదే. కాని అది చెవి అను పునాది సిద్ధముగా నున్నదని తలచి, పైకట్టడమును మాత్రమే వర్ణించుచున్నదని మా అభిప్రాయము. తెలుగు విద్యార్థి విషయమున ఆ పునాదియే ముందుగా విచారింపదగినది.

ఉపాయవాద స్వరూపము

1975వ సంవత్సరమున జోన్ రూబిన్ అను విదుషి, భాషను చక్కగా నేర్చువారు ఏమి చేయుదురో గమనించి దానిని తక్కినవారికి నేర్పవచ్చునని ప్రతిపాదించినది. ఉపాయవాదమునకు బీజము ఇందు కలదు. శ్రవణమునకు దీని నన్వయించినవారిలో ఓమాలీ, షామో, కూపర్ అనువారు ముఖ్యులు. 1989లో వారు ప్రకటించిన పరిశోధనమున స్పానిషు మాతృభాషగా గల ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఆంగ్ల వాక్ఖండములను వినిపించి, నడుమ ఆపి, అప్పుడు మనస్సున మెదలుచున్న ఆలోచనలను బిగ్గరగా చెప్పించిరి. సమర్థులైన శ్రోతలు పెద్ద వాక్యభాగములను ఒక్కటిగా గ్రహించుచు, తెగిన చోట తెలిసినదానితో కలిపి ఊహించుచు, తమ గ్రహణమును తామే సరిచూచుకొనుచుండిరి. అసమర్థులు ఒక్కొక్క పదమును పట్టుకొని, తెలియని పదము వచ్చినచోట ఆగిపోవుచుండిరి.

ఓమాలీ, షామోలు 1990లో ప్రకటించిన గ్రంథమున అభ్యాసోపాయములను మూడు తరగతులుగా విభజించిరి. వినబోవు విషయమును ముందుగా తలపోసికొనుట, వినుచున్నప్పుడు తన గ్రహణమును కనిపెట్టుచుండుట, విన్నపిదప బేరీజు వేసికొనుట మొదటి తరగతి. మనస్సు తన పనిని తానే పర్యవేక్షించుకొనుటచే వీనిని పర్యవేక్షణోపాయములందుము. సందర్భమునుబట్టి ఊహించుట, పూర్వజ్ఞానముతో జోడించుట, సంక్షేపించుకొనుట, అనువదించుకొనుట రెండవ తరగతి, ఇవి గ్రహణోపాయములు. తెలియనిదానిని ఇతరుల నడుగుట, తోటివారితో కలిసి సాధించుట, తన భయమును తాను అణచుకొనుట మూడవ తరగతి. ఇవి సామాజిక భావోపాయములు.

కెనడా దేశమున ఆటవా విశ్వవిద్యాలయమునకు చెందిన లారీ వాండర్‌గ్రిఫ్ట్ ఈ వాదమును మఱింత ముందునకు గొనిపోయెను. ఆయనయు, సింగపూరునకు చెందిన క్రిస్టీన్ గోయును, మఱి యిద్దరును కలిసి 2006లో ఒక ప్రశ్నావళిని రూపొందించిరి. ఇందు 21 వాక్యములు కలవు. వానితో తాను ఎంతవఱకు ఏకీభవించునో విద్యార్థి ఆరు మెట్ల కొలబద్దపై గుర్తింపవలెను. ఈ వాక్యములు సమస్యాపరిష్కారము, ప్రణాళికా మూల్యాంకనములు, మానసికానువాదము, స్వసామర్థ్యజ్ఞానము, అవధాన నియంత్రణము అను ఐదు వర్గములకు చెందును. ఉపాయములను విడివిడిగా గాక ఒకదానితో నొకటి శ్రుతి కలిపి వాడుటయే నేర్పు అని వాండర్‌గ్రిఫ్ట్ సిద్ధాంతము. 2012లో ఆయనయు గోయును ప్రకటించిన గ్రంథము ఈ శాఖలో ప్రామాణికముగా నున్నది.

ఈ వాదము చేసిన మేలు చెప్పకుండ దోషములను మాత్రమే ఎన్నుట న్యాయము కాదు. పూర్వము శ్రవణపాఠమన పాఠమును వినిపించి ప్రశ్నలడుగుట మాత్రమే. అది పరీక్షయే గాని బోధనము కాదు. సమాధానము తప్పైనచో ఎచ్చట తప్పెనో విద్యార్థికి గాని ఉపాధ్యాయునికి గాని తెలియదు. ఉపాయవాదులు శ్రవణమును మనస్సు చేయు పనిగా గుర్తించి, ఆ పనిలోని దశలకు పేర్లు పెట్టి, ఉపాధ్యాయునికి చర్చింపదగిన భాషను ఇచ్చిరి. విద్యార్థి భయమును గూడ పరిశోధ్యాంశముగా స్వీకరించిరి. ఈ రెండును స్థిరమైన లాభములు.

కొలతను గూర్చిన ఆక్షేపము

ఉపాయములను కనుగొను సాధనము ప్రధానముగా విద్యార్థి మాటయే. ప్రశ్నావళిని పూరించునప్పుడు అతడు తాను చేసినదానిని చెప్పుచున్నాడా, చేయదగినదని తాను తలచుదానిని చెప్పుచున్నాడా యని నిర్ణయించుట కష్టము. వినుట క్షణములో జరిగిపోవు వ్యాపారము. పదమును గుర్తించుట అనునది అభ్యాసము గలవానికి ఎఱుకకు రాకుండనే జరుగును. ఎఱుకకు వచ్చిన అంశమును మాత్రమే ప్రశ్నావళి పట్టగలదు. కావున దానికి దొరకునది శ్రవణమున పైపొర మాత్రమే.

మఱియొక చిక్కు కలదు. తెలియని పదముల అర్థమును ఊహింతునని ఇద్దరు విద్యార్థులు గుర్తింతురు. ఒకడు వాక్యమున పది పదములలో తొమ్మిదింటిని స్పష్టముగా విని పదవదానిని ఊహించినవాడు. ఇంకొకడు మూడింటిని విని ఏడింటిని కల్పించుకొన్నవాడు. ప్రశ్నావళిలో వీరిద్దరును సమానులే. మొదటివాని ఊహ గ్రహణము. రెండవవాని ఊహ కల్పన. ఉపాయముల సంఖ్యను లెక్కించి, తరచుదనమును సగటు వేసి పట్టికలు కూర్చు పరిశోధనపత్రములు ఈ భేదమును చూపజాలవు. మన విశ్వవిద్యాలయములలో ఈ ప్రశ్నావళులను యథాతథముగా దించుకొని పంచిపెట్టు పరిశోధక విద్యార్థులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను.

ప్రశ్నావళి రూపకర్తల లెక్కనే చూతము. వారు పరిశీలించినవారిలో శ్రవణ సామర్థ్యమున కనిపించిన భేదములలో సుమారు 13 శాతమును మాత్రమే ఈ పర్యవేక్షణజ్ఞానము వివరింపగలిగినది. ఒక మానసిక లక్షణమునకు ఇది తక్కువ ఫలితము కాదు. ఐనను మిగిలిన భాగమునకు కారణము వేరొకచోట వెదకవలసి యున్నది. పదసంపద, మాతృభాషలో వినెడి నేర్పు, విషయపరిచయము మున్నగునవి అందు కొంత పాలు పంచుకొనును. తెలుగు విద్యార్థి విషయమున అందు పెద్దపాలు ధ్వనిగ్రహణమునకు చెందునని మేము తలచుచున్నాము. దానికి హేతువులను ముందు చూపుదుము.

అనువాదమను నేరము

ఈ ప్రశ్నావళిలో మానసికానువాదమునకు చెందిన వాక్యములు మూడు. వినుచు మనస్సులో అనువదించుకొనుట, ముఖ్యపదములను అనువదించుకొనుట, ప్రతిపదమును అనువదించుకొనుట అని వాని సారాంశము. ఈ మూడును ఒక్క వర్గమున చేర్పబడినవి. మూడును మానవలసిన అలవాట్లుగా గణింపబడినవి. ఈ నిర్ణయము తెలుగు విద్యార్థి కెంతవఱకు వర్తించునో విచారింతము.

ప్రతిపదానువాదము కీడు చేయునన్నది నిజము. దానికి కారణము మన భాషల వాక్యనిర్మాణముననే కలదు. ఆంగ్లమున క్రియ కర్తను వెన్నంటి వచ్చును; తెలుగున క్రియ సాధారణముగా వాక్యాంతమున నిలుచును. ఆంగ్లమున విశేషణోపవాక్యము నామమునకు వెనుక వచ్చును. తెలుగున ముందు వచ్చును. "ది బాయ్ హూ కేమ్ ఎస్టర్డే ఈజ్ మై బ్రదర్" అను చిన్న వాక్యమును చూడుడు. "నిన్న వచ్చిన పిల్లవాడు మా తమ్ముడు" అని తెలుగు చేయవలెనన్నచో, మొదట వినబడిన "బాయ్" అను పదమును పట్టుకొని, ఐదవపదముగా వచ్చు "నిన్న" కొఱకు కాచుకొని, పిమ్మట వెనుకకు నడువవలెను. బ్రదర్ అన్నయో తమ్ముడో ఆంగ్లము చెప్పదు. తెలుగు చెప్పక మానదు. ఈ నిర్ణయమునకు మనస్సు మఱికొంత ఆగును. ఇంతలో ఉపన్యాసకుడు రెండు వాక్యములు ముందునకు సాగియుండును.

కాని ఇంకొక విధమైన అనువాదము కలదు. ఉపన్యాసమున ఒక అంశము ముగిసినపిదప, దొరికిన విరామమున, దాని సారమును విద్యార్థి తెలుగులో తనకు తాను చెప్పుకొనును. లేదా నోటుపుస్తకపు అంచున ఒక తెలుగు పారిభాషిక పదమును వ్రాసికొనును. ఇది వినుటకు అడ్డము వచ్చు పని కాదు. మన పెద్దలు శ్రవణమునకు పిదప మననమును, దానికి పిదప నిదిధ్యాసనమును చెప్పిరి. విన్నదానిని తన బుద్ధిలో నిలుపుకొనుటకు తన భాషలో మథించుట మననమున కొక రూపము. పదపదానువాదమును, భావానువాదమును ఒకే గంప క్రింద మూసి రెంటిని నేరముగా పరిగణించుట సూక్ష్మదృష్టి అనిపించుకొనదు. వినునప్పటి అనువాదమును, విన్నపిదపటి అనువాదమును వేఱుచేసి ప్రశ్నించినచో మన విద్యార్థులనుండి వేఱు ఫలితములు రావచ్చును. ఇది పరీక్షింపదగిన విషయము.

తెలుగు చెవి లక్షణము

ఉపాయవాదముపై లోతైన విమర్శ ఆంగ్లదేశీయుడగు జాన్ ఫీల్డ్ చేసెను. ఉపాయము లోటును పూడ్చుకొనుటకు వాడు సాధనము. లోటును తీర్చునది ధ్వనిగ్రహణమున శిక్షణము అని 1998 మొదలుగ ఆయన వాదించుచు వచ్చెను. క్రిస్టీన్ గో పరిశోధనమే దీనికి పరోక్షముగా సాక్ష్యమిచ్చుచున్నది. 2000వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసమున ఆమె సింగపూరులో ఆంగ్లము నేర్చుచున్న 40 మంది చైనా విద్యార్థుల శ్రవణక్లేశములను పది విధములుగా వర్గీకరించెను. అందు ఐదు ధ్వనిని గ్రహించు దశకే చెందినవి. తెలిసిన పదమునే వినునప్పుడు గుర్తింపలేకపోవుట వానిలో నొకటి. పదము తెలియనివానికి ఊహ తోడ్పడును. తెలిసిన పదము చెవికి చిక్కనివానికి కావలసినది వేఱు చికిత్స.

చెవికి పదము ఎట్లు చిక్కును? వ్రాతలో పదముల నడుమ ఖాళీ యుండును, మాటలో ఉండదు. ధ్వనిప్రవాహమును శ్రోతయే పదములుగా తెగగొట్టుకొనవలెను. ఆన్ కట్లర్, డెన్నిస్ నోరిస్ అను శాస్త్రజ్ఞులు 1988లో ఆంగ్లేయ శ్రోతల విధానమును నిరూపించిరి. ఊనికతో పూర్ణాచ్చుగా పలుకబడు అక్షరమును వారు బలాక్షరముగా గ్రహించి, అచ్చట క్రొత్త పదము మొదలైనదని ఊహింతురు. ఈ విధానము ఫలించుటకు ఆంగ్లభాషయే తోడ్పడుచున్నది. సంభాషణలోని అర్థవాచకపదములలో సుమారు 90 శాతము బలాక్షరముతోనే ప్రారంభమగుచున్నవని కట్లర్, కార్టర్‌లు 1987లో లెక్కించి చూపిరి. తక్కిన అక్షరములలోని అచ్చులు సన్నగిలి అస్పష్టధ్వనిగా మారును. ఆంగ్లేయుని చెవి శిఖరములను పట్టుకొని లోయలను దాటిపోవును.

తెలుగున ఇట్టి శిఖరములును లోయలును లేవు. ఉన్నది మాత్రాకాల నియమము. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని మనము ఛందస్సున చెప్పుకొను లెక్క కేవలము పద్యమునకు పరిమితమైనది కాదు. మాట్లాడు భాషలో అర్థమునే శాసించును. పడు - పాడు, మెడ - మేడ, వడ - వాడ అనువానిలో ఒక్క మాత్రయే భేదము. కావున తెలుగు శిశువు ప్రతి అచ్చును, దాని కాలమును జాగ్రత్తగా లెక్కించుటకు చెవిని అలవరచుకొనును. ఏ అక్షరమును విడువరాదు. ఏ అచ్చును అలక్ష్యము చేయరాదు.

ఇది ఊహామాత్రము కాదనుటకు ఒక ముఖ్యమైన ప్రయోగము కలదు. లలితా మూర్తి, తకాషి ఒతాకె, ఆన్ కట్లర్ అను మువ్వురు 2007లో ప్రకటించిన వ్యాసమున తెలుగువారికి జపానుభాషను, తెలుగును వినిపించి, జపానువారికి తెలుగును వినిపించి పరీక్షించిరి. జపానుభాష మాత్రాలయ గలదని ప్రసిద్ధి. వెదకుచున్న ధ్వనిఖండము మాత్రాసీమతో సరిపడనిచోట తెలుగువారు దానిని కనుగొనుటకు కష్టపడిరి. జపానువారు తమ భాషలో కష్టపడు తీరును ఇదియే. తెలుగు వాక్కును విన్నప్పుడు తెలుగువారి ఫలితములు కొంత మిశ్రమముగా వచ్చినను, రెండు భాషలవారి విధానములకు సామ్యము కలదని పరిశోధకులు నిర్ణయించిరి. ఏ చుట్టరికమును లేని రెండు భాషలవారికి లయసామ్యమువలన చెవి ఒకే తెఱగున ఏర్పడుట విశేషము. నన్నయనాటినుండి మనము చెప్పుకొనుచున్న మాత్ర శ్రోత మనస్సునందలి కొలమానమై యుండుననుటకు ఇది ఆధునికమైన ఆధారము.

ఈ మాత్రాశ్రవణముతో ఆంగ్లమును వినబోవు విద్యార్థి స్థితిని ఇప్పుడూహింపుడు. కంటితో నేర్చిన "కంఫర్టబుల్" అతని మనస్సున అన్ని అక్షరములతో నిలిచియున్నది. వినబడునది "కంఫ్టబ్ల్" అను ముద్ద. "ఫోటోగ్రాఫ్" అను పదమున ఊనిక మొదటి అక్షరముపై నుండును. "ఫోటోగ్రాఫర్" అనగానే రెండవ అక్షరముపైకి జరుగును, మొదటి అచ్చు సన్నగిలి "ఫటాగ్రఫ" వలె వినబడును. వ్రాతలో ఒకటి రెండవదానిని తనలో నిముడ్చుకొన్నది. వినుటలో అవి రెండు వేఱు పదములు. "షుడ్ హావ్ బీన్" అను మూడు పదములు "షుడవ్‌బిన్" అని ఒక్కటిగా దొర్లిపోవును. తెలుగు చెవి విడువరాదని నేర్చిన అక్షరములే ఇచ్చట లేకపోయినవి.

చిన్న పదము జారినను పెద్ద అర్థము చెడునట్టి చోట్లు కలవు. అమెరికా దేశీయుల వాడుకలో "కెన్" అను సహాయక్రియ వాక్యమధ్యమున అచ్చు సన్నగిలి "క్న్" వలె వినబడును. దాని వ్యతిరేకరూపమున అచ్చు నిండుగా నిలుచును. కడపటి టకారము మాత్రము తరచు మ్రింగబడును. పుస్తకమునుండి నిండైన "కెన్" నేర్చిన విద్యార్థి, నిండైన అచ్చు వినబడిన వెంటనే అనుకూలార్థమును గ్రహించును. వక్త కాదన్నచో అతడు ఔననుకొనును. ఇట్టిచోట సందర్భమునుబట్టి ఊహింపుమను ఉపాయము నమ్మదగినది కాదు. ఏలయన రెండర్థములును సందర్భమునకు పొసగవచ్చును. 2008లో ఫీల్డ్ చేసిన పరిశోధనమున ద్వితీయభాషాశ్రోతలు అర్థవాచకపదములకంటె ఇట్టి వ్యాకరణపదములనే మిక్కిలి తక్కువగా గుర్తించినట్లు తేలినది. మాతృభాష ఏదైనను, తరగతి ఏదైనను ఈ స్థితి కనబడినది.

ఎరువు పదముల విషయము మఱింత చమత్కారము. స్పానిషు విద్యార్థులకు ఆంగ్లమున లాటినుమూలక పదములనేకము చుట్టములు. వారి ఊహలు ఫలించుటలో ఆ బంధుత్వము పాలు తక్కువ కాదు. వాండర్‌గ్రిఫ్ట్, తఫఘోద్తరీలు 2010లో 106 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులపై చేసిన ప్రయోగమున, ఉపాయక్రమమును అభ్యసించినవారు, అందును సామర్థ్యము తక్కువగలవారు, అధికముగా లాభపడిరి. ఉపాయబోధన వ్యర్థమనువారికి ఇది తగిన సమాధానము. కాని వారు నేర్చుచుండినది ఫ్రెంచిభాష. ఆంగ్లమునకును ఫ్రెంచికిని గల పదసామ్యము ప్రసిద్ధము. తెలుగునను ఆంగ్లపదములు వేలకొలది కలవు గదా యనవచ్చును. ఐనను అవి తెలుగు వేషము ధరించినవి. హోటలు, సిమెంటు, స్టేషను, రోడ్డు అని చివర అచ్చు చేర్చుకొని, ప్రతి అక్షరమునకు సమానమైన బరువిచ్చి మనము పలుకుదుము. ఆంగ్లేయుడు "హోటల్" అనునప్పుడు ఊనికను రెండవ అక్షరముపై పెట్టును. అర్థమున చుట్టమైన పదము ధ్వనిలో అపరిచితమగుచున్నది.

అవధానమునుండి ఒక పాఠము

ఉపాయవాదులు అవధాన నియంత్రణమునకు గొప్ప స్థానమిచ్చిరి. మనస్సు చెదరినచో మరల త్రిప్పుకొనవలెననియు, అర్థము కానిచోట నిరాశపడక ముందునకు సాగవలెననియు వారి బోధ. అవధానమును కళగా సాధించిన సాహిత్యము మనది. అష్టావధాని ఒకవంక నిషిద్ధాక్షరిని పూరించుచు, ఒకవంక వ్యస్తాక్షరిని కూర్చుకొనుచు, నడుమ అప్రస్తుతప్రశంసకు చమత్కారముగా సమాధానమిచ్చుచు, చివర అన్నిటిని ధారణ చేయును. శ్రవణోపాయములనదగినవన్నియు ఇందు ఒక్కచోట కనబడును.

ఐతే అవధానికి ఇది సాధ్యమగుట ఎట్లు? అతనికి ఛందస్సు ఆలోచింపవలసిన విషయము కాదు. గణమును వ్రేళ్లపై లెక్కించుకొనువాడు అవధానము చేయజాలడు. పృచ్ఛకుని ప్రతి అక్షరము ప్రయాస లేకుండ చెవికెక్కుచుండుటచేతను, పద్యపాదము తనంత తాను నడచుచుండుటచేతను అతని మనస్సుకు తక్కిన పనులను పర్యవేక్షించు తీరిక కలిగినది. పర్యవేక్షణోపాయమునకు తీరిక గల మనస్సు కావలెను. ధ్వనిని పదములుగా తెగగొట్టుటకే శక్తినంతయు వెచ్చించుచున్న విద్యార్థిని "నీ గ్రహణమును నీవు కనిపెట్టుచుండుము" అని ఆదేశించుట, ఈత రానివానిని ప్రవాహవేగము లెక్కింపుమనుట వంటిది. ఉపాయములు అక్కరకు రావని మేమనుట లేదు; అవి నిలుచుటకు అడుగున అప్రయత్నసిద్ధమైన ధ్వనిగ్రహణము కావలెనని మాత్రమే మా వాదము.

ఈ వాదమును సమర్థించు నిత్యానుభవము ఒకటి కలదు. తెలుగు ఉపాధ్యాయుడు తెలుగు లయతో ఆంగ్లమున ఉపన్యసించునప్పుడు కొంత గ్రహింపగలిగిన విద్యార్థియే, విదేశవిద్యకొఱకు ఐఈఎల్‌టీఎస్ శ్రవణపరీక్షకు కూర్చున్నప్పుడు కలవరపడును. అందు నాలుగు భాగములు, 40 ప్రశ్నలు. ధ్వనిముద్రణమును ఒక్కమారు మాత్రమే వినిపింతురు. వక్తలు బ్రిటను, ఆస్ట్రేలియా, అమెరికా మున్నగు దేశముల ఉచ్చారణతో మాటాడుదురు. విద్యార్థి అతడే, అతని ఉపాయములు అవియే. విషయమును, వేగమును కొంత భేదించును గాక. ప్రధానముగా మారినది ధ్వని. ఉపాయలోపమే కారణమైనచో రెండు చోట్లను ఒకే తీరున తడబడవలసి యుండెను.

పలుకుటకును వినుటకును గల భేదము

హైదరాబాదున 1958లో స్థాపితమై, 1972లో విదేశభాషలను గూడ చేర్చుకొని, 2007లో కేంద్రవిశ్వవిద్యాలయముగా రూపొందిన ఆంగ్లసంస్థ మన దేశమున ఆంగ్ల ధ్వనిశాస్త్రబోధనకు పాదులు వేసినది. ఆ సంస్థ 1969లో ప్రకటించిన ఆర్.కె. బన్సల్ పరిశోధనము భారతీయుల ఆంగ్లము ఇతరులకు ఎంతవఱకు అర్థమగునను విషయమును ఊనికతోను లయతోను ముడిపెట్టి పరిశీలించినది. మన నోటిని గూర్చి ఇట్లు శ్రద్ధతో విచారణ సాగినది. మన చెవిని గూర్చి అంత విచారణ సాగవలసి యున్నది.

ఇటీవలి కాలమున ఒక వాదము వ్యాపించినది. జెన్నిఫర్ జెంకిన్స్ 2000వ సంవత్సరమున, నానాదేశీయులు పరస్పరము ఆంగ్లమున మాటాడుకొనుటకు దుర్బలరూపములు ఆవశ్యకములు కావని ప్రతిపాదించెను. "ఆఫ్", "టు", "కెన్" మున్నగువానిని నిండుగా పలికినను అవగాహనకు హాని లేదనుట సమంజసమే. తెలుగువాడు తెలుగు లయతో ఆంగ్లము పలుకుట అపరాధము కాదు. కాని పలుకుటకు అక్కరలేనిది వినుటకును అక్కరలేదని తలచి, ఈ పాఠములను విడిచిపెట్టుట ప్రమాదము. మన నోటిలో పుట్టని ధ్వనిని మన చెవి ఎఱుగవలెను. ఉచ్చారణబోధన లక్ష్యమును, శ్రవణబోధన లక్ష్యమును వేఱుగా నిర్ణయించుకొనుట మన పాఠ్యప్రణాళికలకు తక్షణావసరము.

సంధిపాఠము తోడ్పాటు

ఈ పనిలో తెలుగు అధ్యాపకుని చేత ఒక మంచి పనిముట్టు కలదు. అదియే సంధి. రెండు పదములు కలియునప్పుడు సరిహద్దు మాసిపోవునని తెలుగు విద్యార్థి చిన్ననాడే నేర్చినాడు. "రాముడతడు" అని విని "రాముడు, అతడు" అని విడదీయుట అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆంగ్లమున "నాట్ ఎట్ ఆల్" అను మూడు పదములు "నాటటాల్" అని కలిసిపోవుటయు ఇట్టిదే. పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు సంధి యను మన వ్యాకరణశబ్దమునే ఇట్టి మార్పులకు పేరుగా స్వీకరించిరి. ఐనను ఆంగ్లపాఠమున ఈ రెంటిని కలిపి చూపు ఆచారము అరుదు.

సామ్యముతోపాటు భేదమును చూపవలెను. తెలుగు సంధిలో పూర్వపదాంతమందలి అచ్చు లోపించినను, పరపదమందలి అచ్చు తన మాత్రతో నిండుగా నిలుచును. ఆంగ్లమున ఊనిక లేని అక్షరము ఎచ్చటనున్నను కృశించును. మొదటిదానికి సూత్రము పదసీమను ఆశ్రయించినది. రెండవదానికి సూత్రము ఊనికను ఆశ్రయించినది. ఈ ఒక్క భేదమును తెలిసికొన్న విద్యార్థి, తనకు వినబడనిది తన లోపముచే గాక భాషాధర్మముచే సన్నగిలినదని గ్రహించును. ఆ గ్రహింపు అతని భయమును తీర్చును. భయమును అణచుకొనుమని చెప్పు ఉపాయముకంటె భయకారణమును చూపు పాఠము బలవత్తరమైనది.

పరిశోధకులకు సూచనలు

ఈ విమర్శనమునుండి పరిశోధక విద్యార్థులకు కొన్ని సూచనలు చేయ సాహసించుచున్నాము. మొదటిది: ప్రశ్నావళితోపాటు విరామలేఖనమును వాడవలెను. ధ్వనిముద్రణమును అకస్మాత్తుగా ఆపి, చివర విన్న నాలుగైదు పదములను విద్యార్థిచే వ్రాయించుటయే ఈ పద్ధతి. అతడు చేయుదునని చెప్పినది ఒకవంక, నిజముగా విన్నది ఒకవంక ఉంచి పోల్చినచో గ్రహణమునకును కల్పనకును గల భేదము బయటపడును. రెండవది: తప్పులను లెక్కించి విడువక వర్గీకరింపవలెను. లోపించిన అక్షరములు దుర్బలములేనా, పదసీమ ఎచ్చట తప్పినది, దీర్ఘహ్రస్వభ్రాంతి ఎంత అను ప్రశ్నలకు ఉత్తరములు తెలుగు ధ్వనిశాస్త్రమునకు గూడ క్రొత్త వెలుగునిచ్చును.

మూడవది: ఒకే విషయమును తెలుగు లయగల ఆంగ్లమునను, ఇతర దేశీయుల ఆంగ్లమునను వినిపించి ఒకే విద్యార్థుల ఫలితములను పోల్చవలెను. నాల్గవది: అనువాదమును గూర్చి ప్రశ్నించునప్పుడు వినుచున్నప్పటిదానిని, విన్నపిదపటిదానిని వేఱుచేయవలెను. ఐదవది: తెలుగు మాధ్యమమున చదివినవారిని, ఆంగ్లమాధ్యమమున చదివినవారిని ఒక్క సమూహముగా కలిపి సగటు తీయరాదు. ఆంగ్లమాధ్యమమున చదివినవారికిని లయాభ్యాసము పూర్తిగా కలిగినదని ముందే నిశ్చయింపరాదు, అదియు పరీక్షింపదగినదే. ఈ పనులకు ఆంగ్లశాఖయు తెలుగుశాఖయు చేయి కలుపవలెను. ఒకరికి వినబడు భాష తెలియును. ఇంకొకరికి వినెడి చెవి తెలియును.

మన సంప్రదాయమున పండితుని బహుశ్రుతుడనిరి. ఎక్కువగా విన్నవాడు ఎక్కువగా తెలిసినవాడని ఆ మాటకు భావము. వినుటను విద్యకు ద్వారముగా నెంచిన ఈ దేశమున, వినబడకపోవుటచే విద్యకు దూరమగు విద్యార్థులుండుట శోచనీయము. వారికి ఉపాయములు నేర్పుడు. అంతకు ముందుగా, కనీసము దానితోపాటుగా, చెవిని సిద్ధము చేయుడు. తరగతిలో కడపటి వరుసలో మౌనముగా కూర్చున్నవానికి బుద్ధి లేదని తీర్పు చెప్పకముందు, మన మాటలలో ఎన్ని అక్షరములు అతని చెవికి చేరుచున్నవో పరీక్షించి చూచుట ఉపాధ్యాయుల ధర్మము.